జోన్ టూ అంటే భయం లేదని కాదు: ఇద్దరు కలెక్టర్లకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలెక్టర్ గార్లకు,

నేను సివిల్ ఇంజనీరుని. ముప్ఫై ఏళ్లుగా మన రెండు జిల్లాల్లో ఇళ్లకు, బడులకు, కల్యాణ మండపాలకు డిజైన్లు గీస్తున్నాను. ఇన్నేళ్లలో తుఫాను గురించి నన్ను అడగని ఇంటి యజమాని లేడు. భూకంపం గురించి అడిగినవాడు ఒక్కడూ లేడు. తప్పు వాళ్లది కాదు. అడగాల్సిన అవసరం ఉందని వాళ్లకు చెప్పాల్సినవాళ్లం మనమే. నేనూ, మీరూ, మన మధ్యనున్న కార్యాలయాలూ.

ఆ మధ్య నాగావళి ఒడ్డుకు దగ్గర్లో ఒక అపార్టుమెంటు పని చూడ్డానికి వెళ్లాను. కింద అంతా కార్ల పార్కింగు, పైన నాలుగు అంతస్తులు. కింది పిల్లర్లకు రింగులు కడుతున్నారు. ఆరంగుళాలకొకటి, కొన్నిచోట్ల ఎనిమిది అంగుళాలకొకటి. రింగు కొసలు 90 డిగ్రీలకే వంచి వదిలేశారు. పిల్లరు పైచివర, కిందిచివర రింగులు దగ్గర దగ్గరగా పడాలనీ, కొసలు కాంక్రీటు లోపలికి తిరిగేలా 135 డిగ్రీలు వంచాలనీ చెప్పాను. కడ్డీలు కట్టే మేస్త్రి నా మాట తోసెయ్యలేదు. "బాబూ, మన పక్కకి తుఫాను వస్తాది గానీ భూకంపం ఏటి వస్తాది?" అని నిజంగానే అడిగాడు. నేను నోరు తెరిచేలోగా బిల్డరు అందుకున్నాడు. "మనది జోన్ టూ కదండీ" అన్నాడు. అక్కడితో ఆ సంగతి ముగిసిపోయింది.

ఈ ఉత్తరం ఆ ఒక్క మాట గురించే. "మనది జోన్ టూ కదా" అన్న మాట నేను సైటులో విన్నాను, మునిసిపల్ ఆఫీసు వరండాలో విన్నాను, తోటి ఇంజనీర్ల నోటా విన్నాను. ఒక శాస్త్రీయ పటంలోని రంగు మన దగ్గర ఇంకేమీ ఆలోచించనక్కర్లేదనే అనుమతిగా మారిపోయింది. ఆ పటం అసలేం చెబుతోందో, ఏం చెప్పడం లేదో మీ ముందు పెట్టాలని రాస్తున్నాను. విపత్తు నిర్వహణ చట్టం, 2005 ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు మీరే. అందుకే మీకు. బహిరంగంగా ఎందుకంటే, ఇల్లు కట్టుకుంటున్న ప్రతి కుటుంబమూ ఇది చదవాలని.

భారత ప్రమాణాల సంస్థ 2016లో సవరించిన భూకంప కోడ్, ఐఎస్ 1893, దేశాన్ని నాలుగు జోన్లు చేసింది. రెండు నుంచి అయిదు వరకు. ఒకటో జోను లేదు. ఉండేది, 2002లో తీసేశారు. ఎందుకు తీసేశారో తర్వాత చెబుతాను. జోన్ టూకి ఇచ్చిన గుణకం 0.10. విజయవాడ, ఒంగోలు, నెల్లూరు ఉన్న జోన్ త్రీకి 0.16. కచ్ ఉన్న జోన్ ఫైవ్‌కి 0.36. అంటే మన దగ్గర లెక్క కట్టాల్సిన బలం విజయవాడలో దానికన్నా మూడో వంతుకు పైగా తక్కువ. సున్నా మాత్రం కాదు. ఆ పటంలో సున్నా రంగు వేసిన గ్రామం దేశంలో ఒక్కటీ లేదు.

ఇక మన చరిత్ర. 1917 ఏప్రిల్ 17న విజయనగరం ప్రాంతంలో భూకంపం వచ్చింది. తీవ్రత 5.5గా భూకంప జాబితాల్లో నమోదై ఉంది. గురజాడ కన్నుమూసి అప్పటికి ఏడాదిన్నర కూడా తిరగలేదు. ఆనాడు మన నేల మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. విజయనగరం విశాఖపట్నం జిల్లా కింద, శ్రీకాకుళం గంజాం జిల్లా కింద. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో. పరిపాలన సరిహద్దులు ఇన్నిసార్లు మారడంతో 1917 నాటి సంగతి ఏ జిల్లా జ్ఞాపకంలోనూ నిలవలేదు. నేను చదువుకున్న ఇంజనీరింగ్ కాలేజీలో నాకెవరూ చెప్పలేదు. విజయనగరంలో పుట్టిన నా సహోద్యోగికి యాభై ఏళ్లు దాటాక నా నోటే మొదటిసారి తెలిసింది.

తెలుగు నేల మీద అదొక్కటే కాదు. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర 5.4, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7. 2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు దగ్గర 5.3. ఆ ఉదయం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలామంది ఇళ్లలోంచి బయటికి పరుగులు తీశారు. మన తీరానికి వస్తే 2014 మే 21 రాత్రి పది గంటలు కావస్తుండగా బంగాళాఖాతంలో 6.0 తీవ్రతతో భూమి కదిలింది. చెన్నై నుంచి కోల్‌కతా దాకా తెలిసిందది. మా ఇంట్లో వేలాడే దీపం ఊగింది. మా వీధివాళ్లందరూ రోడ్డు మీదికొచ్చి నిలబడ్డారు. భూకంప కేంద్రం ఒడిశా తీరానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, సముద్రం కింద చాలా లోతున ఉంది కాబట్టి మనకు వణుకుతోనే సరిపోయింది. ఆ అక్టోబరులోనే హుద్‌హుద్ వచ్చి, మే నెల రాత్రిని అందరి మనసుల్లోంచీ తుడిచేసింది.

ఒకటో జోను సంగతి చెబుతానన్నాను. మహారాష్ట్రలో కొయనా డ్యాము ప్రాంతం భూకంపాలు రాని గట్టి నేల అని 1960ల్లో అందరూ నమ్మారు. 1967 డిసెంబర్ 11న అక్కడ 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. 1970లో పటం మార్చారు. లాతూరు జిల్లా కిల్లారి ఆ పటంలో ఒకటో జోనులో ఉండేది, అంటే అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న రంగులో. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా అక్కడ భూమి కదిలింది. తీవ్రత 6.2. దాదాపు పదివేల మంది చనిపోయారు. ఆ తర్వాతే 2002లో ఒకటో జోనును రెండులో కలిపేశారు. కలెక్టర్ గారూ, మన పటాలు ఇన్నాళ్లూ భూకంపం వెనకాల నడిచాయి. ముందు జనం పోయారు, తర్వాత రంగు మారింది. మన రెండు జిల్లాల రంగు చూసి ధైర్యం తెచ్చుకునే ముందు, 1993 సెప్టెంబర్ 29న కిల్లారి రంగు మన రంగు కన్నా చల్లనిదని గుర్తు పెట్టుకోవాలి.

కిల్లారి నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది. అక్కడ మనుషుల్ని చంపింది కట్టుబడి. మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, వాటి మీద అడుగుల మందాన మట్టి మిద్దెలు. ఎండ నుంచి కాపాడుకోవడానికి తరతరాలుగా కట్టుకున్న ఇళ్లవి. వేడికి సరైన జవాబు భూకంపానికి తప్పు జవాబైంది.

ఈ మాట దగ్గర నేను కొంచెంసేపు ఆగుతాను. ఎందుకంటే సరిగ్గా ఇదే మన ఉద్దానంలో, మన తీర మండలాల్లో జరుగుతోంది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. వరసగా అక్టోబరు నెలలు మనల్ని కొట్టాయి. తాటాకు ఇల్లు ఎగిరిపోయింది. రేకులు ఎగిరిపోయాయి. పెంకులు గాల్లో లేచి పక్కింటి గోడకు తగిలాయి. దాంతో జనం ఒక నిర్ణయానికి వచ్చారు, ఎలాగైనా స్లాబు వేసుకోవాలని. అప్పు చేసి, బంగారం కుదువపెట్టి, గల్ఫులో ఉన్న కొడుకు పంపిన డబ్బుతో స్లాబు వేసుకున్నారు. గాలికి అది సరైన జవాబే. తుఫాను గాలి పైకప్పును పైకి లేపుతుంది. కప్పు ఎంత బరువుంటే అంత కదలకుండా ఉంటుంది.

భూకంపం మాత్రం నేలను పక్కకు లాగుతుంది. గోడ అడుగు నేలతోపాటు కదులుతుంది, పైన ఉన్న బరువు ఉన్నచోటే ఉండబోతుంది. పైన ఎంత బరువుంటే మధ్యలో ఉన్న గోడ మీద అంత బలం పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల స్లాబు, అయిదంగుళాల మందం వేస్తే, ఒక్క స్లాబే దాదాపు 30 టన్నులు. మన జోన్ టూ గుణకంతోనే, గట్టి పట్టీలు ఏవీ లేని ఇటుక గోడల ఇంటికి కోడ్ ప్రకారం లెక్క కడితే, ఆ బరువులో పన్నెండో వంతు, అంటే రెండున్నర టన్నుల బలం గోడలను అడ్డంగా నెడుతుంది. గోడల బరువు దీనికి అదనం. మన ఊళ్లలో ఇప్పుడు కడుతున్నవి నాలుగున్నర అంగుళాల ఒంటి ఇటుక గోడలు, సిమెంటు దిమ్మల గోడలు. మూలల్లో కడ్డీ ఉండదు. కిటికీల మీద వేసే లింటెల్ కిటికీ వరకే ఉంటుంది, గోడంతా చుట్టి రాదు.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ఐఎస్ 4326 అనే ఇంకో కోడ్ దీని గురించే రాశారు. కిటికీల మీద ఎలాగూ లింటెల్ పోస్తున్నారు. దాన్ని తెగకుండా ఇల్లంతా చుట్టి పోస్తే చాలు, గోడలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మూడంగుళాల మందం, లోపల రెండు కడ్డీలు. బేస్‌మెంటు దగ్గర అలాంటిదే ఒకటి. మూలల్లో నిలువుగా ఒక్కో కడ్డీ. మన పాత చుట్టిల్లును చూడండి. గుండ్రంగా, మూలలు లేకుండా, కప్పు బాగా కిందికి దిగి, తేలిగ్గా ఉండేది. గాలి దాన్ని చుట్టి వెళ్లిపోయేది, భూమి కదిలినా మీద పడటానికి బరువు ఉండేది కాదు. అందరూ మళ్లీ చుట్టిళ్లలోకి వెళ్లాలని నేను అనడం లేదు. స్లాబు వేసుకున్న మనిషికి ఆ లింటెల్ పట్టీ సంగతి చెప్పకుండా వదిలెయ్యడం అన్యాయం అంటున్నాను. గృహ నిర్మాణ పథకాల కింద ప్రభుత్వ డబ్బుతో కడుతున్న ఇంటికైతే ఆ పట్టీ లేకుండా బిల్లు చెల్లించడం ఇంకా పెద్ద అన్యాయం.

ఇదే కోవలో తుఫాను షెల్టర్లు. ఉప్పెన నీరు కింద నుంచి పారిపోవాలని వాటిని పిల్లర్ల మీద ఎత్తి కడతారు. మంచి ఆలోచనే. కానీ కింద ఖాళీ పిల్లర్లు, పైన బరువైన గదులు అంటే భూకంప ఇంజనీర్లు అన్నిటికన్నా ఎక్కువగా భయపడే ఆకారం. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో, కేంద్రానికి 250 కిలోమీటర్ల దూరంలో ఉన్న అహ్మదాబాదులో కూలిన అపార్టుమెంట్లలో చాలా భాగం ఇలా కింద పార్కింగు, పైన ఇళ్లు ఉన్నవే. నాగావళి ఒడ్డున నేను చూసిన భవనం కూడా ఇదే ఆకారం. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఇప్పుడు లేస్తున్న అపార్టుమెంట్లలో ఎక్కువ భాగం ఇదే ఆకారం.

అహ్మదాబాదు ఇంకో సంగతి కూడా చెప్పింది. సబర్మతి తెచ్చి పోసిన ఒండ్రు మీద ఉందా ఊరు. మెత్తటి నేల భూకంపాన్ని పెంచుతుంది. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం మెక్సికో నగరం. 1985 సెప్టెంబర్ 19న భూకంప కేంద్రం 350 కిలోమీటర్లకు పైగా దూరంలో, పసిఫిక్ తీరంలో ఉంది. ఎండిపోయిన పాత చెరువు అడుగున కట్టిన నగరభాగం మాత్రం కూలిపోయింది. అదే నగరంలో గట్టి నేల మీద ఉన్న పేటలు అంత దెబ్బ తినలేదు.

జోన్ల పటానికి ఈ తేడా తెలియదు. ఆ పటంలో జిల్లా అంతా ఒకే రంగు. కోడ్ లోపల మాత్రం నేలను మూడు రకాలు చేశారు, గట్టిది, మధ్యరకం, మెత్తది అని. మెత్తటి నేల మీద ఎత్తయిన భవనానికి లెక్క కట్టే బలం ఎక్కువ. ఆ మూడింటిలో మన స్థలం ఏదో తెలియాలంటే బోరు వేసి మట్టి పరీక్ష చేయాలి. ఆ పరీక్ష చేయించకుండానే డిజైను కాగితం మీద "మధ్యరకం" అని రాసేయడం నేను ఎన్నోసార్లు చూశాను. మొదటి రోజుల్లో నేనూ రాశాను. ఒప్పుకుంటున్నాను.

మన రెండు జిల్లాల నేల ఒక తీరుగా ఉండదు. విజయనగరం నుంచి పడమటికి వెళితే తూర్పు కనుమల ఖోండలైటు, చార్నకైటు రాయి పైకి తేలి కనిపిస్తుంది. కొండజాతి ఖోండుల పేరే ఖోండలైటుకు పెట్టారు. శ్రీకాకుళం పట్టణం నాగావళి ఒండ్రు పక్కనే పెరిగింది. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసేచోట, అక్కడి నుంచి ఉత్తరంగా తీరం పొడుగునా ఉన్నది ఇసుక. నీటిమట్టం పైపైనే ఉంటుంది. సన్నటి వదులు ఇసుక, దాని నిండా నీరు ఉన్నచోట గట్టిగా కుదిపితే ఆ ఇసుక కాసేపు బురదనీటిలా ప్రవర్తిస్తుంది. దాని మీద ఉన్న కట్టడం ఒరిగిపోతుంది. ఇంజనీర్లు దీన్ని ద్రవీకరణ అంటారు. మన తీరంలో ఎక్కడ ఈ ప్రమాదం ఎంత ఉందో చెప్పే పటం ఒకటి మీ కార్యాలయాల్లో గోడకు వేలాడుతూ ఉండాలి.

భూమి లోపలి సంగతి కూడా కొంచెం. భూగర్భ శాస్త్రవేత్తల పటాల్లో నాగావళి, వంశధార పేర్లతోనే ఫాల్టులు ఉన్నాయి. పాఠ్యపుస్తకాల్లో వీటిని భ్రంశాలు అంటాం. భూమి పొరలు ఎప్పుడో తెగి జారిన గీతలు. ప్రతి ఫాల్టూ భూకంపం తెస్తుందని కాదు. వాటిలో చాలా భాగం కోట్ల ఏళ్లుగా నిద్రపోతున్నవే. అయితే విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్తలు తూర్పు తీరం వెంబడి సముద్రం అడుగున సర్వే చేసి, నేల మీది ఈ గీతల్లో కొన్ని సముద్రంలోకి కూడా సాగుతున్నాయని, ఈ తీరంలో ఓ మోస్తరు భూకంపాలకూ వాటికీ సంబంధం ఉందని రాశారు. మన పక్కనే కూర్చుని చేసిన పని అది. మన జిల్లా ప్రణాళికల్లోకి అది రావాలి.

"మరయితే భూకంపం వస్తుందా, రాదా?" అని నన్ను అడుగుతారు. ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు, చెప్పామన్నవాళ్లను నమ్మకండి. భూకంప ప్రమాద అంచనా అడిగే ప్రశ్న వేరు. మన నీటిపారుదల ఇంజనీర్లకు అది బాగా తెలిసిన ప్రశ్నే. గొట్టా బ్యారేజీకైనా, తోటపల్లికైనా వరద ఎప్పుడు వస్తుందని ఎవరూ అడగరు. వందేళ్లలో ఒకసారి రాగల వరద ఎంత అని అడుగుతారు. దాన్ని బట్టి గేట్లు పెడతారు. భూకంపానికీ అదే పద్ధతి. అమెరికాలో అలిన్ కార్నెల్ అనే ఇంజనీరు 1968లో దీనికి గణితం రాశాడు. చుట్టూ ఉన్న ఫాల్టులేవి, ఒక్కోదాని మీద ఎంత భూకంపం ఎన్నేళ్లకొకసారి రావచ్చు, అక్కడి నుంచి మన స్థలం దాకా వచ్చేసరికి ఆ కుదుపు ఎంత తగ్గుతుంది, చివరికి మన కాళ్ల కింది నేల దాన్ని ఎంత పెంచుతుంది. వీటన్నిటినీ కలిపి లెక్క కడితే, రాబోయే 50 ఏళ్లలో పదింట ఒక వంతు అవకాశంతో దాటగల కుదుపు ఎంతో ఒక అంకె వస్తుంది. 475 ఏళ్ల భూకంపం అనేది దీన్నే. ఒక ఇల్లు నిలబడే కాలం దాదాపు 50 ఏళ్లు కదా. ఆ కాలంలో పదిమందిలో ఒకరికి జరగగలదంటే, ఏ తండ్రీ దాన్ని కొట్టిపారేయడు.

దేశం మొత్తానికి ఈ పద్ధతిలో లెక్క కట్టే పని ప్రొఫెసర్ ఆర్.ఎన్. అయ్యంగార్ నాయకత్వంలోని బృందం జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కోసం 2011లోనే చేసింది. ఢిల్లీ, కోల్‌కతా, గువాహటి, జబల్‌పూర్ నగరాలకు పేటపేటకూ నేల తీరు చూపే సూక్ష్మ పటాలు తయారయ్యాయి. జబల్‌పూర్‌కు 1997 మే 22 భూకంపం తర్వాతే ఆ శ్రద్ధ దక్కింది. మనకు అంత ఆలస్యం కాకూడదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రణస్థలం మండలం కొవ్వాడలో 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదన ఉంది. ఆ కేంద్రం రావాలా వద్దా అన్న వాదనలోకి ఈ ఉత్తరంలో వెళ్లను, దానికి వేరే ఉత్తరం కావాలి. అణు విద్యుత్ కేంద్రం స్థలానికి జోన్ల పటంలో రంగు చూసి సరిపెట్టుకోరు. చుట్టూ 300 కిలోమీటర్ల మేర ఫాల్టులు, పాత భూకంపాలు అన్నీ పరిశీలించాలి. అణుశక్తి నియంత్రణ మండలి నియమాలు అలా ఉన్నాయి. ఉండాలి కూడా. భోగాపురంలో అంతర్జాతీయ విమానాశ్రయం, సంతబొమ్మాళి మండలం మూలపేటలో ఓడరేవు, ఇలాంటి పెద్ద పనులకు కూడా లోతైన బోర్లు వేసి మట్టి పరీక్షలు చేయకుండా పునాది పడదు. యంత్రాల కోసం, రన్‌వేల కోసం, జెట్టీల కోసం మన నేలను ఇంత జాగ్రత్తగా చదవాలని నియమం పెట్టుకున్నాం. అదే నేల మీద, అదే కంచె ఇవతల, మత్స్యకారుడి ఇంటికి మాత్రం "జోన్ టూ" అన్న రెండు మాటలు చాలన్నామా? ఈ ప్రాజెక్టుల కోసం జరిగిన, జరగబోయే నేల పరీక్షల ఫలితాలను, భద్రతకు భంగం కలగని మేరకు, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు ఇప్పించుకోండి. వాటిని జనానికి అందుబాటులో పెట్టండి.

ఇంకో అడ్డంకి కోడ్‌లోనే ఉంది. పిల్లర్ల రింగుల గురించి, బీము పిల్లరు కలిసే జాయింటు గురించి రాసిన ఐఎస్ 13920, 2016 సవరణలో మూడు, నాలుగు, అయిదు జోన్లకు తప్పనిసరి. జోన్ టూకి ఐచ్ఛికం. నాగావళి ఒడ్డున ఆ బిల్డరు నాతో అబద్ధం చెప్పలేదు, నియమం అతని పక్షానే ఉంది. ఐచ్ఛికం అన్నచోట ఎవరూ ఇష్టపడి ఖర్చు పెట్టరు. కానీ కోడ్ వద్దనలేదు కదా. కింద పార్కింగు ఉన్న ప్రతి భవనానికీ, ప్రభుత్వ డబ్బుతో కట్టే ప్రతి బడికీ ఆసుపత్రికీ షెల్టరుకూ మన రెండు జిల్లాల్లో ఈ కోడ్ పాటించాలని టెండరు షరతుల్లో రాయించడం, ప్లాను మంజూరు చేసే సుడా, బుడా వంటి పట్టణాభివృద్ధి సంస్థలు, కార్పొరేషన్ల ద్వారా అమలు చేయించడం అసాధ్యం కాదు. పిల్లరు చివర్లలో రింగుల మధ్య 100 మిల్లీమీటర్లు మించకూడదు, కొస 135 డిగ్రీలు వంగాలి. కొలవడానికి టేపు ఒకటి చాలు. పిల్లరు కాంక్రీటు పోసే ముందు ఒక ఫోటో తీసి ఫైల్లో పెట్టమంటే చాలు. విపత్తు నిర్వహణ చట్టం 30వ సెక్షన్ జిల్లాలో ఏ నిర్మాణాన్నైనా పరిశీలించి, విపత్తు నివారణ ప్రమాణాలు పాటించకపోతే సంబంధిత అధికారులకు ఆదేశాలిచ్చే అధికారాన్ని మీ సంస్థకే ఇచ్చింది. 31వ సెక్షన్ జిల్లా ప్రణాళికను ఏటా సమీక్షించమంటోంది.

ఆ ప్రణాళికలో తుఫాను, వరద, వడదెబ్బ, పిడుగు, వీటికి పేజీల కొద్దీ చోటు ఇవ్వడం సహజం. భూకంపానికి కూడా చోటివ్వండి. అందులో ఉండాల్సింది వణుకు వచ్చినప్పుడు బల్ల కింద దూరమనే సూచన ఒక్కటే కాదు. ఏ ఆసుపత్రి భవనం కింద ఏ నేల ఉంది, ఏ బడిలో స్లాబు ఎలాంటి గోడల మీద ఉంది, ఏ షెల్టరు పిల్లర్లకు ఎలాంటి రింగులున్నాయి, ఏ వంతెన తెగితే ఏ మండలం ఒంటరైపోతుంది, తాటిపూడి లాంటి పాత జలాశయాల కట్టలను ఈ కోణంలో చివరిసారి ఎప్పుడు చూశారు. బడులకూ ఆసుపత్రులకూ మామూలు ఇళ్లకన్నా ఒకటిన్నర రెట్లు బలం లెక్కకట్టాలని కోడే చెబుతోంది. పాతవాటిలో ఎన్ని ఆ మాట నిలబెడతాయో చూడటానికి, ముందు పైపైన ఒక పరిశీలన చేసి, అనుమానం ఉన్నవాటిని మాత్రం లోతుగా పరీక్షించే పద్ధతి దేశంలో ఇప్పటికే ఉంది. విజయనగరంలో గురజాడ పేరుతో సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం జియోఫిజిక్స్ విభాగం ఉంది. ఆ విద్యార్థుల చేతికి ఈ పని ఇస్తే వాళ్ల చదువూ మన నేలా రెండూ బాగుపడతాయి. పనిలో పనిగా 1917 ఏప్రిల్ గురించి పాత గంజాం, విశాఖ జిల్లాల రికార్డుల్లో, ఆనాటి పత్రికల్లో ఏముందో వెతికించండి. ఏ ఊళ్లో ఏ గోడ బీటలు వారిందో తెలిస్తే, ఏ నేల ఎలా కదిలిందో ఈనాటి లెక్కకు పనికొస్తుంది.

నాకు తరచూ ఎదురయ్యే ఒక ప్రశ్నకు జవాబు చెప్పి ముగిస్తాను. "శ్రీముఖలింగం గుడి వెయ్యేళ్లుగా వంశధార ఒడ్డున నిలబడే ఉంది, మన ఇళ్లకేమవుతుంది?" అంటారు. ఆ గుడి గోడల మందం చూడండి, దాని అడుగు వెడల్పు చూడండి. ఆ పనివాళ్లు రాయిని రాయితో బిగించిన తీరు చూడండి. కింద కార్లు పెట్టుకోవడానికి సన్నటి పిల్లర్ల మీద వాళ్లు గుడి కట్టలేదు. నిలిచిన గుళ్లే మన కళ్లకు కనిపిస్తాయి. కాలంలో కలిసిపోయిన కట్టడాలు ఎన్నో, అవి ఎందుకు పడ్డాయో మనకు లెక్క లేదు.

కలెక్టర్ గార్లూ, మట్టి పటం తయారు చేయాలంటే కొత్తగా వందల బోర్లు వేయనక్కర్లేదు. మన రెండు జిల్లాల్లో వంతెనలకు, వాటర్ ట్యాంకులకు, అపార్టుమెంట్లకు, సెల్ టవర్లకు ఇప్పటికే వేసిన బోర్ల వివరాలు ప్రభుత్వ శాఖల ఫైళ్లలోనూ, నాలాంటివాళ్ల బీరువాల్లోనూ పడి ఉన్నాయి. వాటిని ఒకచోటికి చేర్చి పటం మీద గుర్తించడమే మొదటి మెట్టు. నా బీరువాలో పలాస నుంచి భోగాపురం దాకా ముప్ఫై ఏళ్ల మట్టి పరీక్షల కాగితాలున్నాయి. యజమానుల అనుమతి తీసుకుని, లోతుల వారీగా, స్థలాల వారీగా రాసి సిద్ధం చేస్తున్నాను. మీరు ఏ ఉద్యోగిని పంపినా ఆయన చేతిలో పెడతాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక సివిల్ ఇంజనీరు, విజయనగరం